చిన్న ఊళ్లో హాయిగా ఉండాలంటే మున్సిపల్ ఆఫీసుతో ఎలా నెగ్గుకురావాలి

మున్సిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి మేనేజర్‌గా రిటైరయ్యాను. మేనేజర్ అనగానే పెద్ద హోదా అనుకోకండి. కమిషనర్ గారి గదికీ మిగతా సెక్షన్లకీ మధ్య కూర్చుని, వచ్చిన కాగితం ఎటు పోవాలో చూసే మనిషి. ఊరివాళ్లు రాసిన అర్జీలన్నీ నా బల్ల మీదుగానే వెళ్లేవి. ఏది కదులుతుందో, ఏది కట్టలో పడి పసుపురంగుకు తిరుగుతుందో మొదటి నాలుగు లైన్లు చదివితే తెలిసిపోయేది. ఇప్పుడు అదే ఊళ్లో ఒక కాలనీలో ఉంటున్నాను, మా కాలనీ అర్జీలు నేనే రాస్తున్నాను.

ఊరి పేరు చెప్పను. చెబితే నా పెన్షనేమీ ఆగదు గానీ, పాత కొలీగ్స్ ఫోన్లు ఆగవు. గుంటూరు, బాపట్ల మధ్య ఉండే చిన్న మున్సిపాలిటీ అనుకోండి. పిల్లలు వీధిలో క్రికెట్ ఆడుకోవచ్చు, రాత్రి పదయ్యాక ఊరు సద్దుమణుగుతుంది, రైతుబజారుకు నడిచి వెళ్లి రావచ్చు. ఇలాంటి ఊళ్లో బతుకు ఒక్కరోజులో పాడవదు. ఈ ఏడు కాలువ మీద ఒక ర్యాంపు, వచ్చే ఏడు పార్కు స్థలంలో ఒక షెడ్డు, ఆ పై ఏడు కొత్త ఫంక్షన్ హాలు. అయిదేళ్ల తర్వాత చూసుకుంటే ఇదివరకటి వీధి ఉండదు. అందుకే ఏదైనా పోయాక కొట్లాడటం కన్నా, ఉన్నదాన్ని కాగితం మీదికి ఎక్కించి కాపాడుకోవడం తేలిక. కింద చెప్పేదంతా దాని గురించే. నేను ఆంధ్రలో పనిచేశాను కాబట్టి ఇక్కడి పేర్లే వాడుతున్నాను. తెలంగాణకు 2019లో వచ్చిన మున్సిపాలిటీల చట్టం వేరే ఉంది. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని అందులోనే రాశారు. అక్కడివాళ్లు ముందు ఆ లెక్క అడగండి.

ముందు ఎవరి బల్లో తెలుసుకోండి

రోడ్డు, కాలువ, మంచినీళ్లు, వీధిదీపం ఇంజినీరింగ్ సెక్షన్‌వి. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) చూస్తారు, ఆయన పైన డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (డీఈ). చెత్త, దోమలు, పందులు, కుక్కలు శానిటరీ ఇన్‌స్పెక్టర్ పని. ఇళ్ల ప్లాన్లు, లేఅవుట్లు, ఆక్రమణలు టౌన్ ప్లానింగ్. ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను రెవెన్యూ సెక్షన్. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాక ఈ పనులకు కింది స్థాయిలో కూడా మనుషులున్నారు: ఎమినిటీస్ (సౌకర్యాల) సెక్రటరీ, శానిటేషన్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ. చిన్న పనికి ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి. వీధిలైటు వెలగలేదని కమిషనర్ దగ్గరికి పోతే, ఆ కాగితం మెట్లన్నీ దిగి మళ్లీ ఎమినిటీస్ సెక్రటరీ దగ్గరికే వస్తుంది. మధ్యలో వారం పోతుంది.

అసలు మున్సిపాలిటీవి కానివి కొన్నుంటాయి. చాలా చిన్న ఊళ్లలో మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లది, ఒక్కోచోట నేషనల్ హైవేది. ఊరి మధ్యగా పారే పంట కాలువ ఇరిగేషన్ వాళ్లది. ఒరిగిన కరెంటు స్తంభం డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లది. "ఇది మా పరిధిలోనిది కాదు" అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపడం ఆఫీసులో అన్నిటికన్నా సులువైన పని. ఆ అవకాశం ఇవ్వకండి. రోడ్డు ఎవరిదో ఏఈని నోటిమాటగా అడిగితే నిమిషంలో చెబుతారు.

"తగు చర్య" అడగొద్దు

నా బల్ల మీదికొచ్చిన అర్జీల్లో సగానికి పైగా ఇలా ఉండేవి: "మా వీధిలో పారిశుద్ధ్యం అధ్వాన్నంగా ఉన్నది. అధికారులు పట్టించుకొనుట లేదు. కావున తగు చర్యలు తీసుకొనవలసినదిగా ప్రార్థన." దీనికి ఆఫీసు ఏం చేస్తుంది? ఒక మేస్త్రీ ఇద్దరు మనుషుల్ని పంపి మొదటి రెండిళ్ల ముందు ఊడిపిస్తాడు, ఫొటో తీస్తాడు, "తగు చర్య తీసుకోబడినది" అని ఫైలు మూసేస్తారు. అబద్ధం కూడా కాదు. మీరు అడిగింది అదే.

అదే వీధి గురించి ఇలా రాయండి:

"9వ వార్డు, రామాలయం వీధిలో గుడి మూల నుంచి పాల కేంద్రం వరకు, సుమారు 60 మీటర్ల మేర, ఎడమవైపు సైడు కాలువ పూడిపోయింది. ఈ నెల 3న కురిసిన వానకు మురుగు రోడ్డెక్కి మూడిళ్లలోకి వచ్చింది. పాల కేంద్రం ముందు కల్వర్టు కింద పాత పైపు అడ్డం పడి ఉంది. మేము కోరేది: ఒకటి, ఆ పైపు తొలగించడం. రెండు, పూడిక తీయించి, తీసిన పూడిక అదే రోజు ట్రాక్టరులో ఎత్తించడం. ఫొటోలు జతచేశాము."

ఈ కాగితం చూడగానే ఎవరికి పంపాలో నాకు తెలుస్తుంది. ఏఈకి ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. పని అయిందో లేదో రేపు మీరు కూడా వేలు పెట్టి చూపించగలరు. "అదే రోజు ఎత్తించడం" అన్న ముక్క ఎందుకంటే, తీసిన పూడిక గట్టు మీద ఎండబెట్టడం మన ఊళ్లలో ఆచారం. ఎండేలోపు వాన పడి అదంతా మళ్లీ కాలువలోకే దిగుతుంది. పూడిక ఎత్తడానికి ట్రాక్టరు వేరే పిలవాలి, డీజిల్ రాయాలి. మీరు అడగకపోతే ఆ బాధ ఎవరూ పడరు.

ఒక అర్జీలో ఒకటే సమస్య రాయండి. కాలువ, కుక్కలు, కుళాయి మూడూ కలిపి రాస్తే కాగితం మొదటి సెక్షన్‌కు వెళ్లి అక్కడే ఉండిపోతుంది. మిగతా రెండూ అక్కడివాళ్లకు సంబంధం లేనివి. కలెక్టరు, ఎమ్మెల్యే, మంత్రి, కమిషనర్, చైర్మన్ అని అయిదుగురి పేర్లూ పైన రాయకండి. ఎవరికి వాళ్లు ఇంకొకరు చూస్తారనుకుంటారు. పైన ఒక్కరి పేరు రాసి, కావాలంటే కింద "ప్రతి" అని పెట్టుకోండి.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇన్‌వార్డులో (వచ్చిన కాగితాలు తీసుకునే బల్ల దగ్గర) ఇచ్చి, రెండో దాని మీద సీలు, నంబరు, తేదీ వేయించుకోండి. ఆ నంబరే మీ ఆస్తి. రెండో అర్జీలో మొదటి లైను ఆ నంబరుతోనే మొదలుకావాలి. "ఇన్‌వార్డు నంబరు ఇంత, తేదీ ఇంత గల మా అర్జీపై ఇప్పటివరకు సమాధానం రాలేదు" అని కనబడితే ఆ పాత కాగితం వెతకాల్సిన పని నాది అయ్యేది. వెతకడం నాకు ఇష్టం ఉండేది కాదు కాబట్టి, అలాంటి అర్జీలు మొదటిసారే కదిలించేదాన్ని.

పార్కు స్థలం

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను. చిన్న ఊళ్లలో ఒకసారి పోతే తిరిగి రానిది ఇదొక్కటే. కాలువ మళ్లీ కట్టొచ్చు, రోడ్డు మళ్లీ వేయొచ్చు, పది సెంట్ల ఖాళీ స్థలం ఊరి మధ్యలో మళ్లీ పుట్టదు.

అనుమతి ఉన్న లేఅవుట్ అయితే విస్తీర్ణంలో కనీసం పది శాతం ఓపెన్ స్పేస్ వదలాలి. ఆ స్థలాన్నీ, లోపలి రోడ్లనూ వేసినవాళ్లు గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకి ఉచితంగా అప్పగించాలి. అనుమతి లేని లేఅవుట్లకు ఎల్ఆర్ఎస్‌లో (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకంలో) స్థలం విలువ మీద 14 శాతం కట్టించుకున్నది, వదలాల్సిన ఆ పది శాతం వదలనందుకే. మరి మీ లేఅవుట్లో వదిలారా? వదిలితే ఎక్కడ? మా కాలనీలో చాలామందికి తెలియదు. "ఆ మూలన ఏదో ఉందండీ" అనేవారు.

ఇలా చేయండి. మీ సేల్ డీడ్లో లేఅవుట్ నంబరు ఉంటుంది, ఎల్పీ నంబరు అంటారు. దాంతో టౌన్ ప్లానింగ్ సెక్షన్లో లేఅవుట్ ప్లాను నకలు అడగండి. దొరకలేదంటే సమాచార హక్కు కింద అడగండి, అప్పుడు దొరుకుతుంది. ప్లానులో ఓపెన్ స్పేస్ వేరే రంగులోనో, గీతలు గీసో ఉంటుంది. దాని సర్వే నంబరు, కొలతలు, నాలుగు వైపులా ఏ ప్లాట్లున్నాయో రాసుకోండి. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి. గిఫ్ట్ డీడ్ రిజిస్టరైతే అందులో కనబడుతుంది. కనబడకపోతే, కాగితాల ప్రకారం ఆ స్థలం ఇంకా లేఅవుట్ వేసినాయన పేరు మీదే ఉందన్నమాట. రేపు ఆయన పిల్లలు దాన్ని అమ్మకానికి పెట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ముందు అర్జీ దాని మీదే పెట్టండి: గిఫ్ట్ డీడ్ రాయించుకుని మున్సిపాలిటీ స్థిరాస్తుల రిజిస్టరులో ఎక్కించమని.

ఎక్కించాక హద్దురాళ్లు వేయించండి. "ఇది మున్సిపల్ స్థలం" అని బోర్డు పెట్టించండి. తర్వాత ఒక వరస వేప, కానుగ మొక్కలు నాటి, చుట్టూ నడవడానికి బాట చేయండి. రోజూ పొద్దున్న పదిమంది నడిచే చోట ఎవరూ గుంజలు పాతరు.

ఆక్రమణ ఎలా మొదలవుతుందో చెబుతాను, చూస్తే గుర్తుపట్టాలి. మొదట ఒక లోడు ఇసుక. ఇల్లు కడుతున్నాం, నాలుగు రోజుల్లో తీసేస్తాం అంటారు. ఇసుక అయిపోతుంది, కంకర వస్తుంది. కాపలా మనిషికి రేకుల షెడ్డు. షెడ్డుకు కరెంటు మీటరు. మీటరు పడిందంటే ఇక లేపడం కష్టం. ఆ బిల్లు పట్టుకుని రెవెన్యూ సెక్షన్‌కు వచ్చి పన్ను వేయమంటారు. నిజానికి పన్ను కట్టినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదు, అనుమతి లేని కట్టడానికి కూడా పెనాల్టీతో పన్ను వేస్తారు. అయినా ఆ రసీదు చూపించి కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నవాళ్లను చూశాను. కాబట్టి ఇసుక లోడు దగ్గరే మాట్లాడాలి, అదీ నవ్వుతూనే. మా కాలనీలో నేనైతే, "బాబాయ్ గారూ, ఇసుక ఎప్పుడు ఎత్తిస్తున్నారో తారీఖు చెప్పండి, అసోసియేషన్ పుస్తకంలో రాసుకుంటాం" అన్నాను. ఆయన మొహం చిట్లించుకున్నాడు గానీ శుక్రవారానికల్లా ఎత్తించాడు.

పార్కు స్థలాన్ని తినేవాళ్లలో ఆఫీసు కూడా ఉంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకుకు చోటు కావాలి, అంగన్‌వాడీకి కావాలి, సచివాలయం బిల్డింగుకు కావాలి, దగ్గర్లో ఖాళీగా కనబడేది ఓపెన్ స్పేసే. అన్నీ మంచి పనులే, వద్దనడానికి మనసొప్పదు. అప్పుడు బెంగుళూరు కేసు గుర్తుచేయండి. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని అక్కడి అభివృద్ధి సంస్థ ఒక ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోమని ఇచ్చింది. కాలనీవాళ్లు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. బెంగుళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ ముద్దప్ప అని ఆ కేసు పేరు. ఆ పేరు, ఏడాది అర్జీలో ఒక్క లైనుగా రాస్తే, టౌన్ ప్లానింగ్‌లో ఫైలు రాసేవాళ్లు కలం పట్టుకుని ఆలోచిస్తారు. కానీ వద్దని మాత్రమే రాసి ఊరుకోకండి. ట్యాంకుకు ఇంకో చోటు కూడా చూపించండి. మున్సిపాలిటీకి పాత గోడౌనో, మూసేసిన ఆఫీసో, వాడకంలో లేని క్వార్టర్సో ఎక్కడో ఒకచోట ఉంటాయి. స్థిరాస్తుల రిజిస్టరు నకలు అడిగితే అవి తెలుస్తాయి.

సిమెంటు రోడ్డు వేస్తున్నారంటే సంబరపడే ముందు

మన ఊళ్లలో ఇళ్లు ఏటేటా కిందికి దిగిపోతున్నాయని ఎప్పుడైనా గమనించారా? ఇళ్లు దిగడం లేదు, రోడ్లు లేస్తున్నాయి. పాత సిమెంటు రోడ్డు పగిలితే దాని మీదే ఆరంగుళాలు కొత్తది పోస్తారు. పదేళ్లకు ఇంకో పొర. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇల్లు రోడ్డుతో సమానం అవుతుంది. తర్వాత వానాకాలంలో రోడ్డు మీది నీళ్లు గడప దాటి వస్తాయి. ఆ ఇంటాయన మూడు లక్షలు పెట్టి మట్టి పోయించి గచ్చు లేపుకుంటాడు, లేకపోతే ఇల్లే పడగొట్టి కడతాడు. ఇంత నష్టం చేసే పనికి మనం కొబ్బరికాయ కొట్టి దండం పెడతాం.

అడ్డుకునే సమయం శంకుస్థాపన రోజు కాదు. అప్పటికి ఎస్టిమేటు అయిపోయింది, టెండరు అయిపోయింది, కాంట్రాక్టరు లెక్క వేసుకున్నాడు. రోడ్డు శాంక్షన్ అవుతోందని కౌన్సిలరు చెప్పగానే ఏఈ దగ్గరికి వెళ్లి ఎస్టిమేటులో రెండు విషయాలున్నాయో లేదో చూడండి. పాత రోడ్డు తవ్వి తీసేయడానికి ఐటెం ఉందా? కొత్త రోడ్డు పూర్తయ్యాక పాత మట్టానికే ఉంటుందా, పైకి లేస్తుందా? లేకపోతే కాలనీ తరఫున కాగితం ఇవ్వండి: "పాత రోడ్డు తవ్వి, ఇళ్ల గడపల కన్నా కొత్త రోడ్డు మట్టం కిందికి ఉండేలా ఎస్టిమేటు మార్చాలి." తవ్వకానికి ఖర్చవుతుంది కాబట్టి రోడ్డు పొడవు కొంచెం తగ్గుతుందంటారు. తగ్గనివ్వండి. ఇందులో నా అభిప్రాయం గట్టిది: సగం వీధికి సరైన రోడ్డు వేయించుకుని, మిగతా సగానికి వచ్చే ఏడు ఆగడం మేలు.

పని మొదలయ్యే ముందు రోజు ఒక సున్నపు ముక్కతో ప్రతి ఇంటి గోడ మీదా ఇప్పటి రోడ్డు మట్టం గుర్తు పెట్టి, టేపుతో గడప దాకా కొలిచి ఫొటో తీయండి. పెద్ద ఇంజినీరింగ్ ఏమీ అక్కర్లేదు. పోత పోసేనాడు కాంట్రాక్టరు మనిషి ఆ గీతలు చూస్తాడు, మీరు చూస్తున్నారనీ తెలుస్తుంది.

కాలువకు వాటం చూడండి. రోడ్డు పోయకముందే కాలువలో రెండు బిందెల నీళ్లు పోసి, ఒక ఎండుటాకు వేయండి. ఆకు ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూడండి. ఆగిన చోట వాటం చెడింది. రోడ్డు పోశాక ఆ వాటం సరిచేయాలంటే ఎవరూ రారు. పోశాక కనీసం రెండు వారాలు తడపాలి. మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలబెడతారు, లేదా గోనెపట్టాలు పరిచి తడుపుతారు. మూడో రోజుకే తడపడం మానేస్తే, ఆ ఫొటో తేదీతో ఏఈకి వాట్సాప్‌లో పంపండి. కొలతలు ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) రాసి బిల్లు పెట్టేలోపు చెబితేనే ఫలితం. బిల్లయ్యాక మీరు చెప్పేది కథ.

నీళ్లు, చెత్త, చప్పుడు

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో చూడటానికి మున్సిపల్ ఫిట్టర్ దగ్గర క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్లు పట్టి, రెండు చుక్కల మందు వేస్తే పసుపురంగు వస్తుంది. ఆ రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తారు. కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు పక్కనున్న ఇంట్లో ఈ పరీక్ష చేస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది. పైపులైను చివరి ఇంట్లో చేయించండి. రంగు రాకపోతే మధ్యలో ఎక్కడో పైపు పగిలి మురుగు కలుస్తోందని అనుమానించాలి. కుళాయి పైపు మురుగు కాలువలోంచి వెళ్లే చోట్లు ముందు చూడమనండి, చాలాసార్లు దొరికేది అక్కడే.

చెత్త గురించి తడి, పొడి అని ఇప్పటికే అందరూ చెప్పారు. 2016 చెత్త నిర్వహణ నియమాల్లోనే రాశారు. ఇరవై ఏళ్ల కిందట సూర్యాపేట చిన్న మున్సిపాలిటీగా ఉండి, చెత్తకుండీలు ఎత్తేసి ఇంటింటి సేకరణతో దేశమంతా పేరు తెచ్చుకుంది. పెద్ద యంత్రాలేం లేవు. బండి రోజూ ఒకే టైముకు రావడం, వచ్చిన చెత్త అక్కడికక్కడే వేరుచేయడం, అంతే. కాబట్టి మీరు అడగాల్సింది కొత్త చెత్తకుండీ కాదు, బండి టైము. కుండీ పెట్టించుకున్న మూలన కుక్కలు, పందులు, దుర్వాసన మూడూ ఫ్రీగా వస్తాయి. కార్మికుల గురించి ఒక మాట. మేలో ఎండలో వచ్చే ఆ అమ్మాయికి మంచినీళ్లు ఇవ్వండి, గాజుముక్కలు విడిగా కాగితంలో చుట్టి ఇవ్వండి. చేతి తొడుగులు ఇవ్వడం లేదంటే ఆవిడ అడగలేకపోవచ్చు, మీరు అడగొచ్చు.

ఖాళీ ప్లాట్లలో చిల్లచెట్లు పెరిగి పాములొస్తుంటే, యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. ఖాళీ స్థలం పన్ను రికార్డులో ఆయన పేరుంటుంది. శుభ్రం చేయించమని ఆయనకు నోటీసు ఇచ్చి, చేయకపోతే మున్సిపాలిటీయే చేయించి ఖర్చు పన్నుతో వసూలు చేయమని అర్జీ పెట్టండి. నోటీసు అందాక చాలామంది ఫోన్‌పేలో డబ్బులు పంపి చేయిస్తారు.

ఫంక్షన్ హాళ్ల డీజేల సంగతి పోలీసులది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదు. ఇళ్ల మధ్య పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. 112కి ఫోన్ చేస్తే కానిస్టేబుల్ వచ్చి ఆపిస్తాడు, ఆయన వెళ్లాక మళ్లీ పెడతారు. మేం హాలు యజమానిని టీకి పిలిచి, పదింటికి స్పీకర్లు బయట ఆపేస్తామని బుకింగ్ ఫారంలోనే రాయించాం. పెళ్లివాళ్లతో రాత్రిపూట గొడవ పడే పని ఆయనకూ తప్పింది, మాకూ తప్పింది.

డబ్బు ఏ సంచిలో ఉందో అడగండి

"నిధుల్లేవు" అన్న మాట నిజమే కావచ్చు, ఆ సంచిలో లేకపోవచ్చు. పన్నులతో వచ్చేది జనరల్ ఫండ్, కౌన్సిల్ ఇష్టప్రకారం వాడొచ్చు, కానీ జీతాలు, కరెంటు బిల్లులు పోగా మిగిలేది తక్కువ. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం డబ్బు వేరు. 2021–26 మధ్య 15వ ఆర్థిక సంఘం మనలాంటి చిన్న ఊళ్లకిచ్చిన దాంట్లో 60 శాతానికి షరతులుండేవి. సగం తాగునీరు, వాననీటి సంరక్షణకు, సగం చెత్త, పారిశుద్ధ్యానికి. అలా షరతులున్న డబ్బుతో రోడ్డు అడిగితే ఇవ్వలేరు, పైపులైను అడిగితే కాదనలేరు. సంఘం మారినప్పుడల్లా షరతులు మారుతుంటాయి కాబట్టి, ప్రతి ఏప్రిల్లో అకౌంట్స్ సెక్షన్లో అడిగి, మీ అర్జీని ఆ సంచికి సరిపడేలా రాయండి.

అడగడానికి మంచి కాలం డిసెంబరు, జనవరి. వచ్చే ఏడాది పనుల లిస్టు అప్పుడే తయారవుతుంది. మార్చిలో వచ్చి అడిగేవాళ్లకు టీ ఇచ్చి పంపేవాళ్లం.

ఇంకో లోపలి మాట. కాలనీ నుంచి గట్టి అర్జీ వస్తే ఆఫీసులో మొదట ఎవరో ఒకరు, "వాళ్ల బకాయిలెంత?" అంటారు. చట్టప్రకారం దానికీ కాలువ పూడికకూ సంబంధం లేదు. అయినా అంటారు. ఏప్రిల్ 30లోపు ఏడాది పన్ను మొత్తం కడితే అయిదు శాతం రిబేటు ఇస్తున్నారు, అందరూ కలిసి కట్టేసి ఆ నోరు మూయించండి. 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్ను అద్దె లెక్కన కాక స్థలం, కట్టడం విలువ లెక్కన వేస్తున్నారు. మీ డిమాండు నోటీసులో కొలతలు సరిపోయాయో లేదో టేపు పెట్టి చూసుకోండి. తప్పులు చాలా ఉంటాయి, మేం వేసినవే కదా.

అయినా కదలకపోతే

సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. 1100కి ఫోన్ చేసినా నమోదవుతుంది. అక్కడ ఇచ్చిన అర్జీ చివరికి మళ్లీ మున్సిపాలిటీకే వస్తుంది, అయితే గడువుతో వస్తుంది. గడువు ఉంటే ఆఫీసు కంగారు పడుతుంది, కంగారులో "పరిష్కరించబడినది" అని మూసేస్తుంది కూడా. మూసేశాక మీకు మెసేజ్ రాగానే వెళ్లి చోటు చూసి, పని కాకపోతే మళ్లీ తెరిపించండి. చాలామంది ఇక్కడే నీరసపడి వదిలేస్తారు.

సమాచార హక్కు అర్జీకి మున్సిపాలిటీలో ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. "ఎందుకు చేయలేదు?" అని అడగకండి, దానికి జవాబు ఇవ్వక్కర్లేదంటారు. కాగితాలు అడగండి: ఫలానా పని ఎస్టిమేటు నకలు, ఎం-బుక్కు నకలు, మా ఫలానా నంబరు అర్జీ మీద రాసిన నోట్ ఫైలు నకలు. పనిని స్వయంగా చూసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా చట్టంలో ఉన్నాయి. రోడ్డు పని జరుగుతుండగా నమూనా అడిగితే కాంట్రాక్టరుకు టెన్షన్ మొదలవుతుంది. జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

నీళ్లు, పారిశుద్ధ్యం లాంటి సేవలకు శాశ్వత లోక్ అదాలత్ ఉందని చాలామందికి తెలియదు. కోర్టు ఫీజు లేదు, వకీలు లేకుండానే వెళ్లొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడిగితే ఎక్కడుందో చెబుతారు.

మరీ ప్రాణం మీదికి వచ్చే మురుగు, దుర్గంధం లాంటివైతే ఆర్డీఓ దగ్గరికి వెళ్లండి. దానికి చట్టంలో సెక్షన్ ఉంది: ఒకప్పటి సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 133, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 152. ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌గా ఆర్డీఓ ఆదేశించొచ్చు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో న్యూ రోడ్డు వాళ్లు ఇదే దారిలో వెళ్లారు. తెరిచిన మురుగు కాలువలు, సారా ఫ్యాక్టరీ నీళ్లు, దోమలు. మున్సిపాలిటీ డబ్బుల్లేవంటూ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్, మన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఉన్న బెంచి ఆ సాకు కుదరదంది. మా కమిషనర్లలో ఈ కేసు పేరు తెలియనివాళ్లను నేను చూడలేదు.

అసోసియేషన్, కౌన్సిలరు

రాజ్యాంగం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షల జనాభా దాటిన చోట్లే. మన ఊళ్లకు ఆ వేదిక లేదు కాబట్టి కాలనీ అసోసియేషనే దిక్కు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే రిజిస్టరు చేసుకోవచ్చు. పార్టీ పదవులున్నవాళ్లను అధ్యక్షులుగా పెట్టకండి. ప్రభుత్వం మారినప్పుడల్లా కాలనీ కూడా మారాల్సివస్తుంది.

కౌన్సిల్ ఉన్న రోజుల్లో నెలవారీ మీటింగు అజెండా మీ కౌన్సిలరు దగ్గర ముందే ఉంటుంది. వెళ్లి చూడండి, మీ వార్డు పని ఒక్కటైనా ఉందా అని. ఆయన మన పని చేయిస్తే పేరు ఆయనకే ఇచ్చేయండి, శిలాఫలకం మీద పేరు కోసం మనం పోటీ పడటం లేదు. ఎన్నికైన కౌన్సిల్ లేక స్పెషల్ ఆఫీసర్ పాలన అయితే అజెండా ఉండదు, తీర్మానాల నకళ్లు సమాచార హక్కు కింద నెలనెలా తీసుకోండి. స్థలాలు లీజుకిచ్చే తీర్మానాలు చూడటం మానొద్దు.

అసోసియేషన్‌కు ఒకే ఫైలు ఉంచండి: లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్, ఈసీ, సీలు పడిన అర్జీలు తేదీల వరసలో, ఫొటోల ప్రింట్లు. ఫోనులో ఉన్నాయి కదా అనకండి, ఫోను మారితే పోతాయి. సెక్రటరీ మారిన రోజున పాతాయన, కొత్తాయన ఎదురెదురుగా కూర్చుని పేజీలు లెక్కపెట్టి, జాబితా మీద ఇద్దరూ సంతకాలు చేసి అప్పగించుకోవాలి.